పొయ్యి వెలిగించకుండా కండ పెంచాలంటే

వండని తిండి మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది మొదటి రెండు నెలల్లోనే సన్నబడతారు. నడుం తగ్గుతుంది, మొహం తేటపడుతుంది, చూసినవాళ్ళు మెచ్చుకుంటారు. మూడో నెలకల్లా చొక్కా భుజాల దగ్గర వేలాడుతుంది. అంటే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిందన్నమాట. పచ్చి కూరలూ పళ్ళూ కడుపు నింపుతాయి గానీ వాటిలో క్యాలరీలు తక్కువ, ప్రొటీన్ మరీ తక్కువ. కిలో కీరదోసకాయలు నమిలినా ఆరేడు గ్రాముల ప్రొటీన్‌కి మించి రాదు. కాబట్టి ఈ పద్ధతిలో సన్నగా ఉండటానికి పెద్దగా తంటాలు పడక్కర్లేదు, కండ నిలబెట్టుకోవడానికే పడాలి. అందుకు మిక్సీ కన్నా ముందు కొనాల్సింది వంటింటి త్రాసు. ఒక గ్రాము తేడా చూపించే చిన్న డిజిటల్ త్రాసు చాలు.

47, 48 డిగ్రీలు దాటి వేడి తగలనిదాన్నే ఈ పద్ధతి పాటించేవాళ్ళు పచ్చిది అంటారు. ఆ లెక్కన బెల్లం, వేయించిన పల్లీలు, ప్యాకెట్ పాలు పక్కకి పోతాయి. నిజానికి జీడిపప్పూ పోవాలి. జీడిగింజ పెంకులో చర్మాన్ని పొక్కించే నూనె ఉంటుంది కనుక ఆవిరికో సెగకో పెట్టిన తర్వాతే పగలగొడతారు. పలాస నుంచి 'పచ్చి' జీడిపప్పని వచ్చేది కూడా వేడి చూసిందే. దానికోసం పంతం పట్టక్కర్లేదు. అయితే ప్రొటీన్ కోసం దాని మీద ఆధారపడటమూ దండగే, పల్లీలలో అంతకన్నా ఎక్కువ ఉంటుంది, ధరా తక్కువ.

ముందు లెక్క

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 పట్టిక ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. బరువులెత్తి కండ పెంచాలనుకునేవాళ్ళకి 1.6 గ్రాములు కావాలి. పచ్చిగా తిన్న పప్పుధాన్యాల ప్రొటీన్ ఉడికించినదంత బాగా అరగదు, అందువల్ల 1.8 దాకా వెళ్ళగలిగితే ఇంకా మేలు. 65 కిలోల మనిషికి కనీసం 104 గ్రాములన్నమాట. వారానికి నాలుగు రోజులు కసరత్తు చేసే ఆ బరువు మగవాళ్ళకి బరువు నిలకడగా ఉండటానికి సుమారు 2300 క్యాలరీలు పడతాయి. కండ పెంచాలంటే దానికి మరో 200 కలపాలి. కొవ్వు తగ్గించాలంటే 300 తీసెయ్యాలి, కానీ తీసేది పళ్ళల్లోంచీ కొబ్బరిలోంచీ తియ్యాలి, మొలకల్లోంచి కాదు.

వంద గ్రాములకి ఏది ఎంత ఇస్తుందో గుర్తుంటే చాలా పని తేలికవుతుంది. ఎండు పెసలు 24 గ్రాముల ప్రొటీన్, సుమారు 350 క్యాలరీలు. నల్ల శనగలు 20 గ్రాములు. పల్లీలు 25, గుమ్మడి గింజలు 30, పొద్దుతిరుగుడు గింజలు 21, బాదం 21, నువ్వులూ అవిసెలూ 18 చొప్పున. గింజలన్నిటికీ ఉన్న ఒకే ఒక చిక్కు, ప్రతి వంద గ్రాములకీ 530 నుంచి 590 క్యాలరీలు మోసుకొస్తాయి. బీచ్ దగ్గర కూర్చుని కబుర్లలో పడి తినే గుప్పెడు గుప్పెడు పల్లీలే నడుం చుట్టూ చేరతాయి. పచ్చి కొబ్బరిది ఇంకా విచిత్రం, 350 క్యాలరీలు ఇచ్చి 3 గ్రాముల ప్రొటీన్‌తో సరిపెడుతుంది. దాన్ని రుచి కోసమే వాడాలి.

మొలకలు

ఈ తిండికి వెన్నెముక మొలకలే. కానీ విశాఖ ఉక్కపోతలో మొలకలు కట్టడం పుస్తకంలో రాసినంత సుళువు కాదు. గాలిలో తేమ ఎక్కువ కావడంతో గింజ మొలిచేలోపే జిగట పట్టి పులిసిపోతుంది.

రోజుకి 100 గ్రాముల పెసలు తీసుకోండి. పుచ్చుగింజలు, రాళ్ళు ఏరి మూడు నాలుగు నీళ్ళు మార్చి కడగండి. నాలుగింతల మంచినీళ్ళు పోసి చలికాలంలో 8 గంటలు, ఎండాకాలంలో 6 గంటలు నానబెట్టండి. వేసవిలో రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి నీటి మీద నురగ తేలుతుంది, మురగడం మొదలైందని దానికి అర్థం. ఆ గింజలు మొలిచినా వాసన వదలదు. నానినవాటిని వంపేసి ఇంకోసారి కడిగి, స్టీలు చిల్లుల గిన్నెలో రెండంగుళాల మందానికి మించకుండా పరచండి, పైన తడి పలచటి గుడ్డ కప్పండి. గుడ్డలో బిగించి మూటకట్టడం చాలా ఇళ్ళల్లో అలవాటు. ఆ మూట మధ్యలో గాలి ఆడదు, వేడి పుడుతుంది, చెడిపోవడం అక్కడే మొదలవుతుంది. ఆరేడు గంటలకొకసారి తాగే నీళ్ళతో కడిగి పూర్తిగా వార్చండి. అడుగున నీళ్ళు నిలిస్తే జిగట ఖాయం. 12 నుంచి 18 గంటల్లో అర సెంటీమీటరు మొలక వస్తుంది, అక్కడితో ఆపండి. ఇంకా పొడుగు సాగనిస్తే బరువు పెరుగుతుంది గానీ అదంతా నీరే, ప్రొటీన్ పెరగదు. 100 గ్రాముల ఎండు పెసలు సుమారు 230 గ్రాముల మొలకలవుతాయి, వాటిలో ప్రొటీన్ అదే 24 గ్రాముల దగ్గర ఉంటుంది. మొలకల్ని తూచి ఎండు గింజల లెక్క వేసుకునేవాళ్ళు ఇక్కడే మోసపోతారు. లెక్క ఎప్పుడూ నానబెట్టకముందు తూచిన బరువుతోనే వెయ్యండి.

నల్ల శనగలకి 10 నుంచి 12 గంటలు నానడం, ఆపైన 24 నుంచి 36 గంటలు మొలవడం అవసరం. పల్లీలు 8 గంటలు నానితే చాలు. ముడుచుకున్నవి, రంగు మారినవి, బూజు మచ్చ ఉన్నవి నిర్దాక్షిణ్యంగా పారెయ్యండి. బూజు నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కడిగితే పోదు, ఉడికించినా పోదు.

మొలకెత్తినవి మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో తినెయ్యాలి. కరెంటు పోయి ఫ్రిజ్ చల్లదనం తప్పితే వాటిని కూరలోకి తోసెయ్యండి, పచ్చిగా తినొద్దు. మొలకలు పెరిగే వెచ్చదనం, తేమ సాల్మొనెల్లా, ఈ.కోలై వంటి క్రిములకీ అంతే ఇష్టం. అందుకే గర్భిణులు, చిన్నపిల్లలు, ముసలివాళ్ళు, జబ్బుపడి కోలుకుంటున్నవాళ్ళు పచ్చి మొలకలు తినకూడదు. వాళ్ళకి ఉడికించినవే.

అన్నింటికన్నా తేలికైనది మన శ్రీరామనవమి వడపప్పు. పెసరపప్పు రెండు గంటలు నానితే చాలు, పచ్చిమామిడి తురుము, కొత్తిమీర, నిమ్మరసం పడితే గిన్నె ఖాళీ. మొలకలు పాడైన రోజున ఇదే ఆదుకుంటుంది. కొట్టులో పొట్టు తీసిన పప్పు అడగండి, వేయించినది కాకుండా చూసుకోండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి కడుపుబ్బరం తప్పదు. పప్పుధాన్యాల్లోని కొన్ని చక్కెరలు చిన్నపేగులో అరగక పెద్దపేగులో పులుస్తాయి, ఉబ్బరం దాంతోనే. మొదటి వారం రోజుకి 25 గ్రాముల ఎండు పెసలకే మొలకలు కట్టండి, వారానికి మరో 25 చొప్పున పెంచండి. శనగలు మూడో వారంలో కలపండి, అదీ ఉదయంపూటే. రాత్రి శనగ మొలకలు తిని పడుకున్న కడుపు మనిషిని నిద్రపోనివ్వదు.

పచ్చిగా ముట్టకూడనివి

చింతపల్లి, పాడేరు వైపు నుంచి రాజ్మా మన మార్కెట్లకి బాగా వస్తుంది. పెసల్లాగే వీటినీ మొలకెత్తించి తినొచ్చనుకోవడం ప్రమాదం. ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషం రాజ్మాలో ఉంటుంది. నానబెట్టినా మొలకెత్తించినా పోదు. నాలుగైదు గింజలు చాలు, మూడు గంటల్లోపు వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కనీసం 10 నిమిషాలు తెర్లే నీళ్ళలో ఉడకాల్సిందే. సోయా చిక్కుడు గింజల్లో ప్రొటీన్‌ని అరగనివ్వని పదార్థం ఎక్కువ, పచ్చిగా తింటే లాభం కన్నా నష్టమే. కర్రపెండలంలో సైనైడు పుట్టే గుణముంది, చేమదుంప గొంతు దురద పెడుతుంది.

సొరకాయ రసం తాగేవాళ్ళు ముందు ఒక ముక్క కొరికి చూడాలి. చేదుగా ఉంటే ఆ కాయ మొత్తం పారెయ్యాలి, తేనె కలిపి మింగెయ్యడం మొండితనం. చేదు సొరకాయ రసంతో మనదేశంలో ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. క్యాబేజీ పై రెండు మూడు ఆకులు తీసేసి, మిగతా ఆకులు విడదీసి, ఉప్పునీళ్ళలో ఉంచి, కుళాయి కింద రుద్ది, చివర తాగే నీళ్ళతో కడగండి. నేలకి దగ్గరగా పెరిగే ఆకుల మీద బద్దెపురుగు గుడ్లు అంటుకుని ఉండొచ్చు. పాలకూర రసం రోజూ గ్లాసులకొద్దీ తాగడం కిడ్నీ రాళ్ళని పిలవడమే, అందులో ఆక్సలేటు చాలా ఎక్కువ.

మాంసాహారులకి మరో ఆలోచన వస్తుంది. పచ్చి గుడ్లు మింగితే? ఉడికించిన గుడ్డు ప్రొటీన్‌లో సుమారు 90 శాతం ఒంటికి పడుతుంది, పచ్చి గుడ్డులో సగమే. పైగా తెల్లసొనలోని అవిడిన్ అనే పదార్థం బయోటిన్ అనే విటమిన్‌ని పట్టుకుని బయటికి లాగేస్తుంది. ఫిషింగ్ హార్బర్‌లో చేప ఎంత తాజాగా మెరుస్తున్నా పచ్చిగా తినడానికి పనికిరాదు, పురుగులు తాజా చేపలోనే బతికి ఉంటాయి. కాచని పాలకీ బ్రుసెల్లోసిస్ అనే జ్వరం, క్షయ భయం ఉంది. కండ కోసం ఈ మూడూ అక్కర్లేదు.

ఒక రోజు తిండి

65 కిలోల మనిషికి, 2300 క్యాలరీలకి ఇలా సర్దుకోవచ్చు.

కసరత్తుకి ముప్పావుగంట ముందు రెండు అరటిపళ్ళు, 40 గ్రాముల ఖర్జూరాలు. కసరత్తయ్యాక గంటలోపు అసలు భోజనం: 50 గ్రాముల పెసల మొలకలు, 50 గ్రాముల శనగ మొలకలు, రాత్రి నానబెట్టిన 20 గ్రాముల బాదం, రెండొందల గ్రాముల జామకాయ. ఇక్కడ 50 అన్నది ఎండు గింజల బరువే. ఈ పూట 30 గ్రాముల దాకా ప్రొటీన్ వస్తుంది. జామకాయ ఊరికే పెట్టలేదు, అందులోని విటమిన్ సి మొలకల్లోని ఇనుముని ఒంటికి పట్టిస్తుంది. అది దొరకనప్పుడు నిమ్మరసమో ఉసిరికాయో ఆ పని చేస్తుంది. టీ, కాఫీ మాత్రం భోజనానికి గంట దూరంలో ఉంచండి, ఇనుముకి అవి అడ్డు.

మధ్యాహ్నం 250 గ్రాముల క్యారెట్, కీర, బీట్‌రూట్, లేత బెండకాయ ముక్కలు, నానిన పల్లీలు 60 గ్రాములు, కొబ్బరి 30 గ్రాములు, పక్కన గుమ్మడి గింజల పచ్చడి. పచ్చడికి 40 గ్రాముల గుమ్మడి గింజలు నాలుగు గంటలు నానబెట్టి, 15 గ్రాముల నువ్వులు, రెండు పచ్చిమిర్చి, చిన్న అల్లం ముక్క, గుప్పెడు కొత్తిమీర, నిమ్మకాయ రసం, ఉప్పు కలిపి బరకగా రుబ్బండి. తిరగమోత లేదని నాలుక మొదట్లో గొణుగుతుంది. పచ్చి ఉల్లిపాయ సన్నగా తరిగి కలిపితే సర్దుకుంటుంది.

సాయంత్రం రెండు అరటిపళ్ళు, 30 గ్రాముల నానిన పొద్దుతిరుగుడు గింజలు నీళ్ళతో కలిపి మిక్సీ పట్టి తాగండి. రాత్రి ఏడున్నరలోపు మిగిలిన 50 గ్రాముల పెసల మొలకలు, 150 గ్రాముల ఆకులు, అంతే కూరగాయలు.

ఇంత తిన్నా ప్రొటీన్ లెక్క 94 గ్రాముల దగ్గర ఆగిపోతుంది. పచ్చి తిండితోనే కండ పెంచొచ్చని చెప్పేవాళ్ళు దాటేసేది ఈ లోటునే. గింజలు ఇంకా పెంచితే క్యాలరీలు దాటుతాయి, మొలకలు ఇంకా పెంచితే దవడలు, కడుపు ఒప్పుకోవు. దారులు మూడు. ఒకటి, బఠానీ ప్రొటీన్ పొడి ఒక స్కూపు (డబ్బాతో వచ్చే పెద్ద గరిటె), అంటే 25 నుంచి 30 గ్రాముల పొడి. 20 గ్రాముల ప్రొటీన్‌ని దాదాపు 110 క్యాలరీలకే ఇస్తుంది. అది తయారీలో వేడి చూసిందే, అయినా పనిచేస్తుంది. రెండు, ఇంట్లో తోడేసిన పెరుగు 300 గ్రాములు, దాంతో 10 గ్రాములు వస్తాయి. మూడు, రాత్రి మొలకల్ని ఐదు నిమిషాలు ఆవిరి మీద పెట్టడం. అప్పుడు ఇంకా ఎక్కువ తినగలరు, తిన్నది బాగా అరుగుతుంది, క్రిములూ చస్తాయి. మా ఓటు మూడోదానికే. నూటికి నూరు పచ్చిదే తినాలన్న పట్టుదల కండకి ఏమీ ఇవ్వదు.

పొడి గింజలు విశాఖ పూర్ణా మార్కెట్‌లో వారానికి సరిపడా మాత్రమే కొనండి: పల్లీలు 420 గ్రాములు, గుమ్మడి గింజలు 280, పొద్దుతిరుగుడు గింజలు 210, పెసలు 700, శనగలు 350. సముద్రపు గాలికి నూనె గింజలు తొందరగా ముక్కిపోతాయి. గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి, చేదు తగిలితే పారెయ్యండి. వేయించి ఉప్పు చల్లిన గుమ్మడి గింజలు కూడా పక్కనే ఉంటాయి, చూసుకుని తీసుకోండి. కూరగాయలు, ఆకులు రెండు రోజులకోసారి సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, కంచరపాలెం రైతు బజార్లలో ఏది దగ్గరైతే అక్కడ.

కసరత్తు, చెమట, ఉప్పు

తిండి ఎంత లెక్కగా తిన్నా బరువు మొయ్యకపోతే కండ రాదు. వారానికి నాలుగు రోజులు. రెండు రోజులు పైభాగం: దండీలు లేదా బెంచ్ ప్రెస్, పుల్-అప్స్, రోయింగ్ (వంగి బరువుని పొట్ట వైపు లాగడం), భుజాల ప్రెస్. రెండు రోజులు కింది భాగం: బరువుతో బస్కీలు, డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువుని పట్టుకుని నిటారుగా లేవడం), ఒక కాలు ముందుకేసి మోకాళ్ళు వంచే లంజ్‌లు, పిక్కల కసరత్తు. ఒక్కో కండకి వారానికి 10 నుంచి 15 సెట్లు, సెట్టుకి 6 నుంచి 12 సార్లు, ఇంకో రెండు చెయ్యగలిగే ఓపిక ఉండగా ఆపడం. 12 సార్లు తేలిగ్గా వస్తే తర్వాతి వారం రెండున్నర కిలోలు కలపండి. ఎంత ఎత్తారో పుస్తకంలో రాసుకోండి. నెల తిరిగినా అంకెలు కదలకపోతే లోపం తిండిలోనో నిద్రలోనో ఉంటుంది. తెల్లవారుజామున బండ్లు ఆపేసే బీచ్ రోడ్డు మీద నడకా, వారానికోసారి సింహాచలం మెట్లూ సరిపోతాయి. రోజూ గంటసేపు పరుగెత్తితే కష్టపడి కూడబెట్టిన క్యాలరీలన్నీ అక్కడే ఖర్చవుతాయి.

ఇక ఉప్పు. ప్రకృతి వైద్యం చెప్పే మంతెన సత్యనారాయణరాజు గారి ప్రసంగాలు విని మొలకలు మొదలుపెట్టిన ఇళ్ళు మన దగ్గర తక్కువేమీ కాదు, ఆ ఇళ్ళల్లో చాలావాటికి ఉప్పు మానడమూ అలవాటైంది. కదలకుండా కూర్చునేవాళ్ళ సంగతి వేరు. మే నెల విశాఖలో గంటసేపు బరువులెత్తితే బనియన్ పిండితే చెమట కారుతుంది, దానితో సోడియం పోతుంది. పచ్చి కూరల్లో, పళ్ళల్లో సోడియం నామమాత్రం. కొబ్బరినీళ్ళలో పొటాషియం దండిగా ఉన్నా సోడియం అంతగా లేదు. తల తిరగడం, పిక్కలు పట్టెయ్యడం, చేతిలో పట్టు సడలడం ఇందువల్లే. అరలీటరు నీళ్ళలో నిమ్మరసం, పావు చెంచా అయోడిన్ ఉప్పు కలిపి కసరత్తు మధ్యలో తాగండి. అయోడిన్‌కి ఈ తిండిలో వేరే దారి కూడా లేదు. రక్తపోటుకి మందులు వాడేవాళ్ళు మాత్రం డాక్టరుని అడిగాకే.

తగ్గిందా పెరిగిందా

వారానికి నాలుగు రోజులు పరగడుపున, కాలకృత్యాలు అయ్యాక బరువు చూసి సగటు తియ్యండి. ఈ తిండిలో పీచు ఎక్కువ కనుక ఒక్కరోజు అంకెని నమ్మలేం, కిలో అటూ ఇటూ ఊగుతుంది. బొడ్డు దగ్గర టేపుతో నడుం కొలత వారానికోసారి. కండ పెంచేటప్పుడు నెలకి అరకిలో నుంచి కిలో పెరగడం మంచి వేగం. రెండు వారాల సగటు పడిపోతే రెండు అరటిపళ్ళు, 20 గ్రాముల గింజలు కలపండి, 300 క్యాలరీలు వస్తాయి. నడుం సెంటీమీటరు పెరిగి, ఎత్తే బరువు పెరగకపోతే కొబ్బరి మానేసి పల్లీలు 20 గ్రాములు తగ్గించండి, 220 క్యాలరీలు పోతాయి. రెండు మార్పులు ఒకేసారి చెయ్యొద్దు, ఏది పనిచేసిందో తెలియదు.

మాత్రలు వద్దనుకునేవాళ్ళు కూడా బి12 దగ్గర రాజీపడాలి. మొక్కల తిండిలో అది లేదు. వారానికి 2000 మైక్రోగ్రాములో, రోజుకి 50 మైక్రోగ్రాములో వేసుకోవాలి. ఆకుల్లోని ఫోలేటు అనే విటమిన్, బి12 లోపంతో వచ్చే రక్తహీనత బయటపడకుండా కప్పేస్తుంది, ఈలోగా నరాలు దెబ్బతింటాయి. అరికాళ్ళ తిమ్మిర్లు మొదలైతే ఆలస్యమైనట్టే. కండకి శక్తినిచ్చే క్రియేటిన్ మొక్కల్లో ఉండదు కాబట్టి రోజుకి 3 నుంచి 5 గ్రాముల పొడి వేసుకుంటే ఈ తిండి తినేవాళ్ళకి మిగతావాళ్ళకన్నా తేడా బాగా తెలుస్తుంది. రోజుకొక చెంచా అవిసె పొడి ఒమేగా-3 కోసం, అదీ ఏ రోజుకారోజు దంచుకున్నదే. గింజలు గింజలుగా మింగితే వచ్చినట్టే బయటికి పోతాయి.

పళ్ళూ నిమ్మరసమూ తిన్నాక నోరు నీళ్ళతో పుక్కిలించండి, అరగంట దాకా బ్రష్ పెట్టొద్దు, పులుపుకి మెత్తబడిన పంటిపొర అరిగిపోతుంది.

మొదలుపెట్టే ముందు ఒకసారి, మూడు నెలలకి ఇంకోసారి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బి12, విటమిన్ డి పరీక్షలు చేయించుకోండి. షుగరు మందులు వాడేవాళ్ళు, కిడ్నీ, థైరాయిడ్ ఇబ్బంది ఉన్నవాళ్ళు డాక్టరుతో మాట్లాడకుండా దీని జోలికి పోకూడదు. ఆడవాళ్ళకి నెలసరి తప్పినా, ఎవరికైనా జుట్టు ఊడుతున్నా, ఎండలో కూడా చలివేస్తున్నా క్యాలరీలు చాలడం లేదని గుర్తు. ఆ రోజే పొయ్యి వెలిగించి అన్నం, పప్పు వండుకుని తినండి. మొలకలు పక్కన గిన్నెలో ఉండనివ్వండి.